స్టోమాతో ఇంటికి వచ్చాక ఏం చేయాలి, ఎలా చేయాలి

పేగు కొసను పొట్ట మీదికి తీసి కుట్టవలసి వస్తుందని, అంటే స్టోమా పెట్టాలని, సర్జన్ చెప్పిన తరువాత, ఆ పైన చెప్పే మాటలు చాలామందికి చెవికెక్కవు. మా నాన్నగారి విషయంలో మా ఇంటిల్లిపాదికీ జరిగింది అదే. ఆసుపత్రి నుంచి బయలుదేరేటప్పుడు మా చేతిలో పొట్ట మీద మలం పట్టడానికి అంటించే బ్యాగుల డబ్బా ఒకటి, మందుల చీటీ మాత్రమే ఉన్నాయి. వాటిని ఎలా వాడాలో నర్సు చూపించారు గానీ, ఆ రోజు మాలో ఎవరికీ మనసు కుదురుగా లేదు. ఆ తరువాత ఎనిమిది నెలల పాటు ఆయన పక్కన ఉండి నేర్చుకున్నదాన్ని, స్టోమా నర్సులను అడిగి తెలుసుకున్నదాన్ని, మీకు పనికివచ్చే వరుసలో ఇక్కడ రాస్తున్నాను. మిమ్మల్ని పరీక్షించిన డాక్టరు ఇందుకు భిన్నంగా ఏదైనా చెప్పి ఉంటే ఆ మాటనే పాటించండి.

ముందుగా మీది ఏ స్టోమానో తెలుసుకోండి

స్టోమా అనే గ్రీకు మాటకు నోరు అని అర్థం. మలం గానీ మూత్రం గానీ మామూలు దారిలో బయటికి పోలేనప్పుడు, లేదా ఆ దారికి కొంతకాలం విశ్రాంతి ఇవ్వవలసి వచ్చినప్పుడు, సర్జన్ పొట్ట గోడలో చిన్న రంధ్రం చేసి, పేగును అందులోంచి బయటికి తెచ్చి చర్మానికి కుడతారు. ఈ ఆపరేషన్‌ను ఆస్టమీ అంటారు. పెద్దపేగు, పురీషనాళం, మూత్రాశయాలకు వచ్చే క్యాన్సర్, అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి అనే దీర్ఘకాలిక పేగు వాపు జబ్బులు, పేగుకు చిల్లు పడటం, ప్రమాదంలో పొట్టకు దెబ్బ తగలడం, పుట్టుకతోనే మలద్వారం లేకపోవడం వంటివి దీనికి కారణాలు. ఇది నిన్న మొన్న పుట్టిన చికిత్స కాదు. 1793లో ఫ్రాన్స్‌లో డ్యూరే అనే సర్జన్ మలద్వారం లేకుండా పుట్టిన ఒక పసికందుకు ఇలాగే పెద్దపేగును బయటికి తీసి దారి ఏర్పరిచారు. ఆ బిడ్డ 45 ఏళ్లు బతికాడు.

ఇంటికి రాగానే డిశ్చార్జి కాగితం తీసి ఆపరేషన్ పేరు ఎక్కడుందో చూడండి. కొలోస్టమీ అని ఉంటే పెద్దపేగును, ఇలియోస్టమీ అని ఉంటే చిన్నపేగు చివరి భాగాన్ని బయటికి తీశారని అర్థం. యూరోస్టమీ అయితే మూత్రాశయాన్ని తీసేసి, లేదా పక్కన పెట్టి, సాధారణంగా చిన్నపేగులోని ఒక ముక్కను గొట్టంలా వాడి మూత్రాన్ని బయటికి మళ్లించారని అర్థం. ఏం తినాలి, ఎంత తాగాలి, ఏ రకం బ్యాగు వాడాలి, దేనికి భయపడాలి అన్నవన్నీ ఈ ఒక్క పేరును బట్టే మారిపోతాయి కనుక, తెలిసినవాళ్లు తమ అనుభవం చెప్పినప్పుడు వారిది ఏ స్టోమానో అడగకుండా ఆ సలహా పాటించవద్దు. పొట్ట ఎడమవైపు కింది భాగంలో పెట్టిన కొలోస్టమీ నుంచి మలం దాదాపు మామూలుగా, గట్టిగానే వస్తుంది. ఇలియోస్టమీ సాధారణంగా కుడివైపు ఉంటుంది; దాని నుంచి పలుచగా, జావలా, పగలూ రాత్రీ వస్తూనే ఉంటుంది.

అదే కాగితంలో ఎండ్ అని ఉందో లూప్ అని ఉందో కూడా చూడండి. ఎండ్ స్టోమాలో పేగు కొస ఒక్కటే బయటికి వస్తుంది. లూప్ స్టోమాలో పేగును మడతగా బయటికి తీసి పైభాగాన్ని తెరుస్తారు కనుక రెండు రంధ్రాలు ఉంటాయి. లూప్ స్టోమాలు ఎక్కువగా తాత్కాలికంగా పెట్టేవి. అయితే పేరు చూసి మీరే నిర్ణయానికి రాకుండా, ఇది శాశ్వతమా, తరువాత మూయగలరా అని సర్జన్‌నే సూటిగా అడిగి రాసుకోండి.

ఆపరేషన్ ఇంకా జరగకపోతే

మీకు వ్యవధి ఉంటే, స్టోమా ఎక్కడ పెట్టాలో ముందే పొట్ట మీద గుర్తు పెట్టమని సర్జన్‌నో స్టోమా నర్సునో అడగండి. పడుకోబెట్టి గుర్తు పెట్టి ఊరుకుంటే చాలదు. కూర్చున్నప్పుడు, నిలబడినప్పుడు, ముందుకు వంగినప్పుడు పొట్ట మడతలు ఎక్కడ పడుతున్నాయో చూసి, మడతకు, పాత కుట్ల మచ్చకు, బొడ్డుకు, ఎముకకు, నడుము దగ్గర బట్ట బిగించే చోటుకు దూరంగా, మీ కంటికి మీకు కనిపించే చోట గుర్తు ఉండాలి. ఆ చోటు మంచిది కాకపోతే ఎంత ఖరీదైన బ్యాగు కూడా నిలవదు. అత్యవసరంగా జరిగిన ఆపరేషన్లలో ఈ అవకాశం ఉండకపోవచ్చు. అప్పుడు బ్యాగును చర్మానికి అంటించే ప్లేటు రకం మార్చి సర్దుకునే మార్గాలు ఉన్నాయి.

స్టోమాను కళ్లారా చూడండి

ఇది కష్టమైన పనే. మా నాన్నగారు మొదటి వారమంతా ముఖం పక్కకు తిప్పుకునే ఉన్నారు, మేము ఆయనను బలవంతపెట్టలేదు. కానీ స్టోమా ఆరోగ్యంగా ఉందో లేదో చెప్పగలిగేది రోజూ చూసే కన్ను మాత్రమే కనుక, ఎంత త్వరగా అలవాటైతే అంత మంచిది. ఆరోగ్యంగా ఉన్న స్టోమా నోటి లోపలి బుగ్గలా ఎర్రగా లేదా గులాబీ రంగులో, తడిగా, మెరుస్తూ ఉంటుంది. అది పేగు లోపలి పొర. చర్మంలా నొప్పిని గ్రహించే నరాలు దానికి ఉండవు కనుక తాకితే నొప్పి పుట్టదు. అందుకే దేనికైనా గీసుకుపోయినా మీకు తెలియకపోవచ్చు, జాగ్రత్తగా ఉండాలి. తుడిచినప్పుడు బట్టకు రెండు మూడు రక్తపు చుక్కలు అంటడం మామూలే, పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి వచ్చినట్టే.

ఆపరేషన్ అయిన కొత్తలో స్టోమా వాచి పెద్దదిగా ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గి తన అసలు కొలతకు వస్తుంది. ఈ ఒక్క విషయం గుర్తుండకపోవడం వల్లే మొదటి నెలలో ఎక్కువమందికి బ్యాగు కారుతుంది.

బ్యాగు మార్చే పద్ధతి

బ్యాగుల్లో ప్రధానంగా రెండు రకాలు ఉన్నాయి. చర్మానికి అంటుకునే ప్లేటు, బ్యాగు కలిసే ఉండేది ఒకటి; ప్లేటు వేరుగా, దానికి బిగించే బ్యాగు వేరుగా ఉండేది రెండోది. ఇలియోస్టమీకి కింద తెరిచి ఖాళీ చేసుకునే బ్యాగు, యూరోస్టమీకి కింద కుళాయిలాంటి మూత ఉన్న బ్యాగు, మలం గట్టిగా వచ్చే కొలోస్టమీకి కావాలంటే ఖాళీ చేయకుండా తీసి పారేసే మూసిన బ్యాగు సరిపోతాయి. బ్యాగును మూడో వంతు నిండినప్పుడే ఖాళీ చేయండి, సగం దాటనివ్వవద్దు. బరువు పెరిగితే ప్లేటు అంచు లాగబడి ఊడుతుంది. ఖాళీ చేయడం రోజూ చాలాసార్లు చేసే పని, ప్లేటు మార్చడం మాత్రం సాధారణంగా మూడు నాలుగు రోజులకు ఒకసారి. కారితే మాత్రం అర్ధరాత్రి అయినా అప్పుడే మార్చాలి.

ప్లేటు మార్చడానికి ఉదయం ఏమీ తినక ముందు వేళను ఎంచుకోండి, అప్పుడు పేగు కదలిక తక్కువగా ఉంటుంది. కొత్త ప్లేటు, బ్యాగు, కత్తెర, కొలత అట్ట, గోరువెచ్చని నీళ్లు, మెత్తని పొడి గుడ్డలు, పాత బ్యాగు వేయడానికి ఒక కవరు ముందే చేతికందేలా పెట్టుకోండి. పాతది తీసిన తరువాత ఏ ఒక్కటి లేకపోయినా ఇబ్బంది పడతారు. పాత బ్యాగును ముందు ఖాళీ చేసి, ప్లేటు పై అంచును ఒక చేత్తో మెల్లగా ఎత్తుతూ, రెండో చేత్తో చర్మాన్ని కిందికి నొక్కుతూ పైనుంచి కిందికి తీయండి. ప్లేటును చర్మం మీద నుంచి లాగకూడదు, చర్మాన్నే ప్లేటు నుంచి విడదీయాలి. అంటుకుపోయి రాకపోతే తడి గుడ్డతో నానబెట్టండి, లేదా జిగురు వదిలించే ద్రవం వాడండి.

తీసిన ప్లేటును వెంటనే పారేయకండి, తిప్పి వెనకవైపు చూడండి. ఈ చిన్న అలవాటు నాకు నేర్పింది ఒక స్టోమా నర్సు, మిగతా సలహాలన్నిటికన్నా నాకు ఎక్కువ పనికివచ్చింది కూడా ఇదే. ఇంటికి వచ్చిన మూడో వారంలో ఒక రాత్రి రెండు గంటలకు నాన్నగారు పొట్ట మండుతోందని లేచారు. బ్యాగు అంచు నుంచి తడి వస్తుంటే మేము ఏమీ తెలియక చుట్టూ టేపు వేసి బిగించాం. తెల్లవారాక నర్సు ఆ ప్లేటు తీసి వెనకవైపు చూపిస్తే, మధ్యలోని రంధ్రం చుట్టూ ఉన్న జిగురు తెల్లగా ఉబ్బి జావలా అయిపోయి ఉంది, ఒక పక్కన గోధుమరంగు చార అంచు దాకా పాకి ఉంది. పొట్ట మీద అదే చోట, అదే ఆకారంలో చర్మం ఎర్రగా ఒరిసిపోయి ఉంది. ఆసుపత్రిలో మొదటిరోజు కత్తిరించిన కొలతకే మేము ఇంకా రంధ్రం కత్తిరిస్తున్నాం. ఈలోగా వాపు తీసి స్టోమా చిన్నదైంది, చుట్టూ ఖాళీ ఏర్పడింది, ఆ ఖాళీలో మలం నిలిచింది. మేము వేసిన టేపు ఆ మలాన్ని రాత్రంతా చర్మం మీదే బంధించి ఉంచింది. ప్లేటు వెనక చార ఏ వైపు ఉందో ఆ వైపు మడత గానీ గుంట గానీ ఉందని, జిగురు చుట్టూ సమంగా కరిగి ఉంటే ఎక్కువ రోజులు ఉంచామని అర్థం. కారుతోందని తెలిసినప్పుడు పైన టేపు వేయడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు.

చర్మాన్ని గోరువెచ్చని నీళ్లతోనే కడగండి. నూనె, సువాసన ఉన్న సబ్బులు, క్రీములు, తడి టిష్యూలు జిగురును పట్టనివ్వవు. రుద్దకుండా అద్ది పూర్తిగా ఆరనివ్వండి. తరువాత కొలత అట్టతో స్టోమాను కొలవండి. గుండ్రంగా లేకపోతే పలుచని ప్లాస్టిక్ కాగితం మీద దాని ఆకారం గీసుకోండి. స్టోమా కన్నా చుట్టూ రెండు మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువగా ఉండేలా ప్లేటులో రంధ్రం కత్తిరించండి. మొదటి రెండు నెలలు వారానికి ఒకసారి తప్పకుండా కొలవాలి. కత్తిరించిన అంచును వేలితో నిమిరి గరుకుగా ఉంటే నున్నగా చేయండి, ఎందుకంటే ఆ గరుకు స్టోమాను కోసినా మీకు నొప్పి తెలియదు. ప్లేటును కాసేపు అరచేతుల మధ్య ఉంచితే జిగురు మెత్తబడుతుంది. కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి అంటిస్తూ, ముందు స్టోమా పక్కన, తరువాత బయటి అంచుల వైపు వేళ్లతో నొక్కి, ఒక నిమిషం పాటు అరచేతిని దానిమీద ఆనించి ఉంచండి. ఆ వెచ్చదనానికే జిగురు పడుతుంది. చివరగా బ్యాగు కింది మూత బిగించారో లేదో మరోసారి చూసుకోండి. పాత బ్యాగును కవర్లో కట్టి చెత్తలో వేయాలి, మరుగుదొడ్డిలో వేస్తే గొట్టం మూసుకుపోతుంది.

చర్మం ఎర్రబడితే

ప్లేటు కింది చర్మం పొట్ట మీద మిగతా చోట ఎలా ఉందో అలాగే ఉండాలి. కొంచెం ఎర్రబడటం, మండటం, దురద మామూలేనని సరిపెట్టుకోవద్దు. ఇలియోస్టమీలో ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే చిన్నపేగు నుంచి వచ్చేదానిలో జీర్ణరసాలు ఉంటాయి, అవి ఆహారాన్ని కరిగించినట్టే చర్మాన్నీ కరిగిస్తాయి. ఒకప్పుడు ఇలియోస్టమీని చర్మంతో సమానంగా పెట్టేవారు, రోగులు ఈ పుండ్లతోనే నరకం చూసేవారు. 1952లో బ్రయాన్ బ్రూక్ అనే బ్రిటిష్ సర్జన్ పేగు కొసను చొక్కా చేతిని మడిచినట్టు బయటికి మడిచి కుట్టే పద్ధతిని వివరించారు. మీ ఇలియోస్టమీ రెండు మూడు సెంటీమీటర్లు పైకి పొడుచుకు వచ్చి కనిపించడం అందుకే. అది లోపం కాదు, మలం చర్మం మీద కాకుండా నేరుగా బ్యాగులో పడాలని చేసిన ఏర్పాటు.

ఒరిసిపోయి తడి కారుతున్న చర్మం మీద స్టోమా పౌడరు పలుచగా చల్లి, ఎక్కువైనదాన్ని దులిపేసి, ఆ పైన ప్లేటు వేయవచ్చు. పౌడరు మందంగా ఉంటే జిగురు పట్టదు. మడతలు, గుంటలు ఉంటే వాటిని నింపడానికి స్టోమా పేస్టు లేదా మెత్తని రింగు వాడతారు. స్టోమా లోపలికి కుంగిపోయి ఉంటే మధ్యలో ఉబ్బుగా ఉండే ప్లేటు అవసరమవుతుంది, దాన్ని నర్సు చూసి ఎంచాలి. అయితే కారణం సరిచేయకుండా పౌడర్లు, పేస్టులు పెంచుకుంటూ పోవడం వృథా. పదిలో తొమ్మిదిసార్లు రంధ్రం కొలతే తప్పు అని నా అనుభవం.

నీళ్లు, తిండి

కొలోస్టమీ ఉన్నవారు పుండు మానాక దాదాపు అన్నీ తినవచ్చు. ఉల్లి, క్యాబేజీ, బీన్స్ గాలిని పెంచవచ్చు. గుడ్లు, చేపలు వాసనను పెంచవచ్చు. మీకు ఏది పడటం లేదో రాసుకుంటూ వెళ్లండి. బీట్‌రూట్ తిన్నాక బ్యాగులో ఎరుపు కనిపిస్తే కంగారుపడకండి.

ఇలియోస్టమీ సంగతి వేరు. నీటిని, ఉప్పును తిరిగి పీల్చుకునే పెద్దపేగు దారిలో లేకపోవడం వల్ల అవి రెండూ బ్యాగులోకి వెళ్లిపోతాయి. సర్దుకున్న తరువాత రోజుకు అర లీటరు నుంచి ఒక లీటరు దాకా రావడం మామూలు. ఒకటిన్నర లీటరు దాటుతూ, నోరు ఎండి, మూత్రం తగ్గి ముదురు రంగులోకి మారి, కాళ్లు పట్టేస్తూ, తల తిరుగుతుంటే డాక్టరును వెంటనే కలవాలి. అలాంటప్పుడు ఉత్త నీళ్లు ఎక్కువగా తాగడం మేలు కన్నా కీడే చేస్తుంది. అవి ఉప్పును ఇంకా లాక్కుని బయటికి పోతాయి. ప్యాకెట్ మీద చెప్పిన కొలతలో కలిపిన ఓఆర్ఎస్ తాగాలి. మొదటి నెలల్లో కొలత గీతలున్న జగ్గులోకి బ్యాగును ఖాళీ చేసి ఒక పుస్తకంలో రాసి పెట్టండి, ఆ లెక్క చూసి డాక్టరు మందు నిర్ణయించగలరు. అన్నం, అరటిపండు, బంగాళాదుంప మలాన్ని చిక్కబరుస్తాయి. మొక్కజొన్న, పుట్టగొడుగులు, కొబ్బరి, గింజపప్పులు, పీచు తొక్కలు స్టోమా దగ్గర అడ్డుపడగలవు కనుక మొదటి ఆరు వారాలు మానేసి, తరువాత కొద్దికొద్దిగా, బాగా నమిలి తినండి. విరేచనం కావడానికి వేసుకునే మందు ఇలియోస్టమీ ఉన్నవారు వేసుకోనే కూడదు. మింగిన మాత్ర బ్యాగులో కరగకుండా కనిపిస్తే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, మందు రూపం మార్చవలసి ఉంటుంది.

యూరోస్టమీ ఉన్నవారు, గుండె, కిడ్నీ డాక్టర్లు వద్దనకపోతే, రోజుకు రెండు లీటర్ల దాకా నీళ్లు తాగాలి. మూత్రంలో తెల్లని జిగట పోగులు కనిపించడం సహజం, మూత్రదారిగా వాడింది పేగు ముక్క కనుక అది జిగటను తయారుచేస్తూనే ఉంటుంది. రాత్రి బ్యాగుకు పొడవైన గొట్టంతో పెద్ద సంచి తగిలించుకుంటే నిద్ర చెడదు. జ్వరం, నడుము పక్కల నొప్పి, దుర్వాసనతో మసక మూత్రం కనిపిస్తే ఆలస్యం చేయకండి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన సందర్భాలు

స్టోమా ఊదా, గోధుమ లేదా నలుపు రంగుకు తిరిగితే రక్తప్రసరణ ఆగుతోందని అర్థం. ఇలియోస్టమీ నుంచి నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ రాకుండా, మెలిపెట్టే నొప్పి, వాంతులు ఉంటే పేగు అడ్డుపడి ఉండవచ్చు. ఏమీ తినకుండా బయలుదేరండి. నొక్కి పట్టినా ఆగని రక్తం, బ్యాగులో ధారగా రక్తం, స్టోమా ఒక్కసారిగా పొడవుగా జారి రావడం కూడా ఇదే కోవలోవి. స్టోమా పక్కన మెల్లగా ఉబ్బు పెరుగుతుంటే అది హెర్నియా, అంటే లోపలి పేగు పొట్ట కండరాల సందులోంచి తోసుకురావడం, కావచ్చు. నొప్పి లేకపోతే అది అత్యవసరం కాదు, కానీ సర్జన్‌కు చూపించాలి. దాన్ని రానివ్వకుండా ఉండటానికే మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువులు ఎత్తవద్దంటారు, దగ్గేటప్పుడు పొట్టకు చెయ్యి అడ్డం పెట్టుకోమంటారు.

నలుగురిలోకి

1954లో డెన్మార్క్‌లో ఎలిసె సోరెన్సెన్ అనే నర్సు, స్టోమా ఆపరేషన్ తరువాత ఇల్లు కదలడానికి భయపడుతున్న తన చెల్లెలి కోసం, చర్మానికి అంటుకునే, వాడి పారేసే బ్యాగును ఊహించారు. ఈ రోజు మీ చేతిలో ఉన్నది ఆ ఊహ నుంచి వచ్చినదే. సరిగ్గా అంటుకున్న బ్యాగు వాసన రానివ్వదు, స్నానానికి, ఈతకు, నిద్రకు అడ్డం రాదు. బయటికి వెళ్లేటప్పుడు ముందే కత్తిరించిన రెండు ప్లేట్లు, బ్యాగులు, ఒక నీళ్ల సీసా, గుడ్డలు, కవర్లు, ఒక జత బట్టలు చిన్న సంచిలో పెట్టుకుని మీ దగ్గరే ఉంచుకోండి. వాటిని ఎండలో నిలిపిన కారులో వదిలితే జిగురు పాడవుతుంది. దాంపత్యానికి స్టోమా అడ్డు కాదు. బ్యాగును ముందే ఖాళీ చేసుకుంటే చాలు. పురీషనాళం, మూత్రాశయం దగ్గర జరిగిన ఆపరేషన్లలో నరాలు దెబ్బతిని కొన్ని ఇబ్బందులు వచ్చే అవకాశం ఉంది, వాటికి చికిత్స ఉంది కనుక సిగ్గుపడకుండా డాక్టరును అడగండి. ఇంట్లోవారు ఒక పని చేయాలి: బ్యాగు మార్చేటప్పుడు ముక్కు మూసుకోవడం, ముఖం చిట్లించడం కూడదు. ఆ చూపు పడితే పడిన మనిషి అన్నం తగ్గించేస్తారు.

తాత్కాలిక స్టోమాను మూసే ముందు, కింద కలిపిన పేగు కుట్లు సరిగ్గా మానాయో లేదో పరీక్ష చేసి చూస్తారు. మూడు నెలలకే కావచ్చు, కీమోథెరపీ ఉంటే ఇంకా ఆలస్యం కావచ్చు. అప్పటిదాకా అప్పుడప్పుడు మలద్వారం నుంచి జిగట రావడం మామూలే. మూసిన తరువాత మొదటి వారాల్లో తరచుగా, ఆపుకోలేనట్టుగా విరేచనం వస్తుంది. కటి కండరాలను, అంటే మలమూత్రాలను ఆపి పట్టే కండరాలను, బిగించి వదిలే వ్యాయామం ముందునుంచే నేర్చుకుని చేస్తే కొంత పట్టు వస్తుంది. మా నాన్నగారు ఆ రోజుల్లో పది పన్నెండు సార్లు వెళ్లేవారు, చర్మం మళ్లీ ఒరిసింది. ఎనిమిది నెలలు పొట్ట మీద చేసిన పనినే అక్కడా చేశాం: ఉత్త నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, ఆరనిచ్చి, చర్మరక్షణ క్రీమును పలుచగా పూయడం. పది రోజుల్లో తగ్గింది.